నూజివీట్లో నేపాళం

జగన్మోహనరావు గారికి తాగుడు లేదు, పేకాట లేదు, కోర్టుకెక్కే సరదా అంతకన్నా లేదు. ఆయనకున్న పిచ్చల్లా ఒక్కటే. నూజివీటి నుంచి చాట్రాయి పోయే దారిలో ఉన్న తన మామిడితోటను ఆయన నేపాళ దేశం చేసేశారు.

మాటవరసకు కాదు. ఆ దేశపు రాజుగారు అరవై ఒకటి, అరవై రెండు ప్రాంతాల్లో తన రాజ్యంలోని పాత జిల్లాలన్నీ కొట్టేసి, కొత్తగా పద్నాలుగు అంచలాలు చేశారు. అంచలమంటే మన జిల్లాకి పెద్దన్నలాంటిదన్నమాట. హిమాలయాల్లో రాజుగారికి ఆ పని ఎన్నాళ్ళు పట్టిందో గాని, ఇక్కడ జగన్మోహనరావు గారికి ఒక్క ఆదివారం సరిపోయింది. కిరసనాయిలు డబ్బాలు చీల్చి రేకులు తీయించారు, తెల్లరంగు పూయించారు, నల్లరంగుతో స్వయంగా పేర్లు రాశారు. పొద్దు గూకేసరికి తోట పద్నాలుగు ముక్కలైంది. తూర్పు కొస మేచి, పడమటి కొస మహాకాళి. మోటారు షెడ్డు ఉన్న ముక్క బాగ్‌మతి. అందులో ఆయన నవారు మంచం వేసుకునే చోటు రాజధాని.

ఈ సంగతి చెవిన పడేటప్పటికి ఆయన భార్య నాగేశ్వరమ్మ గారు గారెలకు పప్పు రుబ్బుతున్నారు.

“రాజధాని పేరేంటన్నారు?”

“కాఠ్మండు.”

“రోహిణీ కార్తెలో రేకుల షెడ్డు కింద పడుకుంటే మండక చస్తుందా?” అని ఆవిడ పొత్రం మళ్ళీ తిప్పారు.

ఊళ్ళోకి ఈ కబురు ఇంకో దారిన వెళ్ళింది. మన వైపు నేపాళమంటే దేశం కాదు, గింజ. ఒక్కటి నలిపి మింగితే రెండు రోజులు చెంబు కింద పెట్టనివ్వని గింజ. జగన్మోహనరావు గారు మామిడి కొట్టేసి నేపాళం పెట్టారని మైలవరం దాకా పొక్కింది. అక్కడి నుంచి ఒక ఆయుర్వేదం డాక్టరుగారు గుడ్డసంచీ చంకన పెట్టుకుని బస్సు దిగారు.

“తమ తోటలో నేపాళం ఎంతమేర ఉందండీ?”

“తోటంతా నేపాళమేనండి.”

“మేలు రకమేనా?”

“హిమాలయాల్లోది. నదులన్నీ పారేది అక్కణ్ణించేగదండీ.”

డాక్టరుగారికి ఒళ్ళు పులకరించింది. “నదులు పారితే ఇంకేం కావాలండీ! నాకో రెండు శేర్లు ఇప్పించండి,” అన్నారు. నిజం తెలిశాక ఆయన ఖాళీ సంచీతో వెళ్ళడం బాగుండదని, పెద్దరసాలు నింపి పంపించారు జగన్మోహనరావు గారు. అవి అతిగా తిన్నవాళ్ళకి ఫలితం ఇంచుమించు అదేనని డాక్టరుగారు తరవాత ఒప్పుకున్నారు.

కూలీల తిప్పలు వేరు. మహాకాళి పేరు వినగానే పోతురాజు పార కింద పెట్టేశాడు. కోడిని కొయ్యకుండా ఆ గట్టు దాటనన్నాడు. కోడి యజమానే ఇవ్వాలన్నాడు. తల్లికి కోడి, తనకి కూర. ఆ ఏడాది తోట మొత్తమ్మీద మహాకాళిలో తీసినంత శుభ్రంగా కలుపు ఇంకెక్కడా తీయలేదు. గట్టిగా నాలుగు గడ్డిపరకలు మొలిస్తే చాలు, పోతురాజు వచ్చి “అమ్మోరు పిలుస్తుందండి,” అనేవాడు.

జనక్‌పూర్‌లో ఆడవాళ్ళు అసలు పనే మానేశారు. ఆ తప్పు జగన్మోహనరావు గారిదే. అది సీతమ్మవారి పుట్టిల్లని చెప్పకుండా ఉండాల్సింది. “పుట్టింటికొచ్చిన ఆడబిడ్డల చేత ఎవరన్నా కలుపు తీయిస్తారంటండీ బాబుగారూ?” అని కనకమ్మ కొంగు పరుచుకుని చెట్టు కింద కూర్చుంది. మిగతావాళ్ళు ఆవిడ చుట్టూ కూర్చున్నారు. చివరికి పుట్టింటివారి మర్యాదగా మజ్జిగ పోయించి, పక్క అంచలానికి సాగనంపాల్సి వచ్చింది.

పక్క అంచలం సగర్‌మాథా. అక్కడ ఉండాల్సిన ప్రపంచంలోకెల్లా ఎత్తయిన శిఖరానికి ఆ ముక్కలో దొరికిన ఎత్తు పెంటపోగు ఒక్కటే. కనకమ్మ గంప నెత్తిన పెట్టుకుని రోజూ దాన్ని ఎక్కి దిగేది. కాబట్టి ఎవరెస్టు ఎక్కిన తొలి ఆడమనిషి ఎవరని ఎవరైనా అడిగితే నూజివీటి వైపు జవాబు వేరేగా ఉంటుంది.

చైనాతో యుద్ధం వచ్చిన రోజుల్లో ఒక కానిస్టేబులు కూడా వచ్చాడు. జగన్మోహనరావు గారి తోటలో పరాయిదేశం ఉందని ఎవరో పుణ్యాత్ముడు చెవిలో ఊదాడట. కానిస్టేబులు గట్టు మీద నిలబడి లోపలికి రానా మాననా అని తటపటాయిస్తుంటే, ఈయనే ఎదురెళ్ళి, “రండి రండి, ఇండియావాళ్ళకి పాసుపోర్టు అక్కర్లేదు,” అన్నారు. కానిస్టేబులు భయపడుతూనే చెప్పులు విప్పి లోపలికొచ్చాడు.

“మీవారికి ఈ జబ్బు ఎలా పట్టిందమ్మా?” అని చుట్టపక్కాలు అడిగితే నాగేశ్వరమ్మ గారు తోట వైపు వేలు చూపించేవారు. “ఆ గూర్ఖా బహదూర్ నుంచి అంటుకుంది. గజ్జి కూడా అంత త్వరగా అంటుకోదు.”

ఆ మనిషి పేరు హర్క బహదూర్ రాయ్. తోట కాపలాదారు. మనవాళ్ళ నోట్లో పడి హర్క కాస్తా అరక అయింది, రాయ్ రాయి అయింది. అరకకీ రాయికీ మధ్య బహదూర్ ఒక్కటే మనిషి పేరులా మిగిలింది.

దేశానికి స్వతంత్రం వచ్చిన కొత్తలో కలకత్తా మామిడి వ్యాపారి ఒకాయన వెంట సరుక్కి కాపలాగా వచ్చాడతను. ఇక్కడ చలిజ్వరం తగులుకుంది. కాయ వాడిపోతుంటే మనిషి కోసం ఆగేదెవరు? వ్యాపారి వెళ్ళిపోయాడు. జగన్మోహనరావు గారు ఒంటి మీద దుప్పటి కప్పి, “ఏ ఊరయ్యా నీది?” అని అడిగారు. అతను వణుకుతూ, “చతరా... రాయ్... చతరా...” అన్నాడు. చతరా అన్నది కోశి నది కొండలు దిగి మైదానంలోకి వచ్చే చోటు. అతని ఊరికి అక్కడి నుంచే కాలిబాట. అదంతా ఎవరికి తెలుసు? “ఓస్, చాట్రాయా! దగ్గరేగా!” అని బండి కట్టించి, మెత్తగా గడ్డి పరిచి, అతన్ని చాట్రాయి పంపించారు. చాట్రాయివాళ్ళు మొహం అటూ ఇటూ తిప్పి చూసి, మావాడు కాదని అదే బండిలో తిప్పి పంపారు. రెండో రోజు మళ్ళీ అడిగితే మళ్ళీ చతరా రాయ్ అన్నాడు. మళ్ళీ బండి కట్టారు. ఈసారి చాట్రాయివాళ్ళు మందు కూడా ఇచ్చి పంపారు. జ్వరం తగ్గిందాకా ఆ మనిషి చాట్రాయికీ తోటకీ మధ్య షికారు చేస్తూనే ఉన్నాడు.

జ్వరం తగ్గాక తన ఊరి చిరునామా సరిగ్గా చెప్పాడు. “పూరబ్ చార్ నంబర్.” తూర్పు నాలుగో నంబరు. వాళ్ళ దేశంలో అప్పట్లో జిల్లాలకి అలాగే నంబర్లు ఉండేవి. తూర్పు ఒకటి, తూర్పు రెండు, పడమర ఒకటి, పడమర రెండు. “అదేం జిల్లా బహదూరూ, సినిమా టిక్కెట్టులా!” అని నాగేశ్వరమ్మ గారు నవ్వేవారు. అతను మాత్రం ఆ మాట చెప్పేటప్పుడు మడమలు కలిపి నిటారుగా నిలబడేవాడు.

తరవాత ఒక సాయంత్రం వీధరుగు మీద రేడియో గరగరలాడుతూ అతని దేశపు వార్తలు చెప్పింది. బహదూర్ చేతిలో కంచం అలాగే పక్కన పెట్టేశాడు. వారం రోజులు సరిగ్గా అన్నం తినలేదు. ఆ వారంలో వచ్చిన ఆదివారమే ఈయన కిరసనాయిలు డబ్బాలు చీల్చారు. ఇద్దరికీ ఒకే గాలి సోకిందని నాగేశ్వరమ్మ గారు నిమ్మకాయ దిష్టి తీసి, ఇద్దరి పేరా రోడ్డు మీద పారేశారు.

దిష్టి బహదూర్ మీద పనిచేసినట్టే కనబడింది. అతను అన్నం తిన్నాడు, ఈల మెళ్ళో వేసుకున్నాడు, కర్ర పట్టుకున్నాడు. ఈయన మీద మాత్రం పనిచెయ్యలేదు. ఈయన గవర్నమెంటు అయిపోయారు. బహదూర్‌ని ఒక అంచలం నుంచి ఇంకో అంచలానికి బదిలీ చెయ్యడం మొదలుపెట్టారు. కొన్నాళ్ళు మేచిలో డ్యూటీ. కాయ బలిసే వేళకి లుంబినికి. కోతులు దిగితే భేరికి. ప్రతి బదిలీకీ ముందు ఇద్దరి మధ్యా ఒకటే సంభాషణ. నాగేశ్వరమ్మ గారికి అది నోటికొచ్చేసింది.

“సాబ్, ఈసారి కోశి?”

కోశి అంటే తూర్పు నాలుగో నంబరును తనలో కలిపేసుకున్న కొత్త అంచలం. బహదూర్ ఊరు ఇప్పుడు అందులోదే.

“కుదరదు బహదూర్. సొంత జిల్లాలో పోస్టింగు ఇవ్వకూడదని రూలు.”

“రూలు ఎవరు చేశాడు సాబ్?”

“గవర్నమెంటు.”

“గవర్నమెంటు ఎవరు సాబ్?”

“నేనే.”

“అచ్ఛా సాబ్,” అని బహదూర్ సెల్యూట్ కొట్టి, చాప చుట్టుకుని, రాప్తికి వెళ్ళిపోయేవాడు.

తోటలో కోశి అంటే ఒక గుట్టా, దాని మీద తుప్పలూ, నాలుగు నాటు చెట్లూ. కాయ పీచు, పులుపు. అది కొట్టేసి కలెక్టరు మామిడి అంట్లు పెడదామని నాగేశ్వరమ్మ గారు ఏటా అడిగేవారు. “అక్కడ కలెక్టర్లు వద్దు,” అని ఏటా అదే జవాబు. అటువైపు ఎవరినీ పోనిచ్చేవారు కాదు. కోశిలో పాములున్నాయని ప్రచారం కూడా ఆయనే చేశారు. మధ్యాహ్నం భోజనం అయ్యాక తాను మాత్రం రాజధానిలో కునుకు తీసి వస్తానని వెళ్ళేవారు.

“కునుకు తీస్తే చేతులు బొబ్బలెక్కుతాయటండీ?” అని ఒకసారి ఆవిడ ఆరా తీశారు.

“రాజధాని అన్నాక సవాలక్ష పనులుంటాయి,” అన్నారాయన, చేతులు పంచెలో దాచుకుంటూ.

నవ్వుకుంటూ ఏళ్ళు గడిచాయి. ఆ తరవాత వచ్చిన సంవత్సరంలో మాత్రం నవ్వడానికేమీ మిగల్లేదు.

పూత మీదే మబ్బు పట్టింది. తేనెమంచు పురుగు దిగి ఆకులన్నీ జిగటయి, ఆ జిగట మీద మసి పట్టి, తోట తగలబడ్డ ఇంటిలా నల్లబడింది. నిలిచిన కాస్త పిందె వైశాఖంలో గాలివానకి నేలపాలయింది. ఏటా రసాల కోసం వచ్చే వెంకటరమణ అనే వ్యాపారి గట్టు మీదే నిలబడి, లోపలికి రాకుండానే దణ్ణం పెట్టి వెళ్ళిపోయాడు. కాయ లేకపోతే కూలి లేదు. పోతురాజు మహాకాళి ఊసెత్తడం మానేశాడు. కనకమ్మ వాళ్ళు వరినాట్ల కోసం డెల్టా వైపు వెళ్ళాలని మూటలు కట్టుకున్నారు. తోటలో అడుగు పెడితే చివికిన కాయల పులుపు వాసన, ఈగల రొద. అంతకు మించి చప్పుడు లేదు.

గాలికి బోర్డులన్నీ లేచిపోయాయి. లుంబిని వెళ్ళి మహాకాళిలో పడింది. ధవళగిరి పక్క ఊరి చెరువులో తేలింది. జగన్మోహనరావు గారు కర్నాలిని చంకలో పెట్టుకుని, సేతి కోసం వెతుకుతూ బురదలో తిరుగుతుంటే చూసి, నాగేశ్వరమ్మ గారికి మొదటిసారి నవ్వు రాలేదు.

అన్నిటికన్నా దిగులు బహదూర్‌ది. రెండేళ్ళుగా అతని చూపు మసకబారుతూ వచ్చింది. ఏలూరు తీసుకెళ్ళి చూపిస్తే నరం చచ్చిపోయింది, చేసేదేం లేదన్నారు. ఆ వేసవికి పూర్తిగా పోయింది. అయినా కర్రతో తడుముకుంటూ కాపలా తిరుగుతూనే ఉన్నాడు. కాయే లేని తోటకి కళ్ళే లేని కాపలా. గాలివాన వెలిసిన మర్నాడు ఆ కర్ర కూడా అతన్ని కాలవలో పడేసింది. జ్వరం వచ్చింది. మోటారు షెడ్డులో చాప మీద ముడుచుకుని, గోడవైపు తిరిగి పడుకున్నాడు. గంజి తెస్తే తల అడ్డంగా ఊపాడు. “చార్ నంబర్... చార్ నంబర్...” ఇదొక్కటే మాట.

నాగేశ్వరమ్మ గారు గంజిగిన్నె అలాగే పట్టుకుని భర్త దగ్గరికి వెళ్ళారు.

“ఆ ముసలాయన పోయేలా ఉన్నాడండీ. ఒక్కసారి ఆ కోశిలో పడుకోబెడితే మీ సొమ్మేం పోయింది?”

“రూలు ఒప్పదు.”

“ఏంటీ?”

“సొంత జిల్లాలో...” ఆయన మొహం తిప్పుకున్నారు.

“మీ రూలు మండిపోను! ఇన్నేళ్ళూ పిచ్చి అనుకున్నాను. పిచ్చైనా మంచి మనిషి అనుకున్నాను. ఇది పిచ్చి కాదు, పాపం!”

ఆ రోజు ఆవిడ ఆయనకి అన్నం వడ్డించలేదు. కంచం ముందు పెట్టి, గిన్నెలు పక్కన పెట్టి, వెళ్ళిపోయారు. కాపురానికి వచ్చాక అలా చెయ్యడం అదే మొదలు. మర్నాడు పొద్దున్నే భర్తకి చెప్పకుండా పోతురాజునీ, పెద్ద పాలేరు రాములునీ పిలిచారు.

“నాలుగు వాసాలూ, రెండు మోపుల తాటాకూ పట్టుకుని ఆ కోశి గుట్ట మీదికి వెళ్ళండిరా. బహదూరుకి పాక వెయ్యండి. బాబుగారు అడిగితే నేను చెప్పానని చెప్పండి.”

“పాములుంటాయండీ అమ్మగారూ,” అన్నాడు పోతురాజు.

“నాకంటే బుసకొట్టేది అక్కడేం లేదు. నడవండి.”

వెళ్ళినవాళ్ళు మధ్యాహ్నానికి వెళ్ళినట్టే తిరిగొచ్చారు. వాసాలు భుజాల మీదే ఉన్నాయి.

“ఏరా, వెయ్యలేదే?”

రాములు బుర్ర గోక్కున్నాడు. “వెయ్యడానికి చోటు లేదండమ్మగారూ. అక్కడ ఇల్లుందండి.”

“ఎవరి ఇల్లురా?”

“ఎవరిదోనండి. మనూరి ఇల్లులా లేదండి.”

నాగేశ్వరమ్మ గారు చీర కుచ్చెళ్ళు ఎత్తి దోపుకుని, తుప్పలు తప్పించుకుంటూ గుట్టెక్కారు. పైన తుప్పలు లేవు. చదును చేసిన నేల. దాని మధ్య రాతిగోడల చిన్న ఇల్లు. గోడ కింది సగం ఎర్రమట్టి, పై సగం తెల్లసున్నం. గడ్డికప్పు సగం గాలివానకి లేచిపోయింది. ముందు ఒక రావి మొక్క, దాని చుట్టూ రాళ్ళు పేర్చిన అరుగు. గోడ వారన బంతి మొక్కలు, వానకి ఒరిగిపోయి కూడా పూస్తూ ఉన్నాయి.

కప్పు మీద పంచె ఎగగట్టి, గడ్డి కట్ట నోట కరుచుకుని, కాఠ్మండులో కునుకు తీస్తూ ఉండాల్సిన మనిషి కనిపించారు.

“దిగండి,” అన్నారావిడ.

దిగారు. అరిచేతులు చూపించమంటే చూపించారు. అవి చేతుల్లా లేవు, గరుకు కాగితంలా ఉన్నాయి.

“ఎన్నాళ్ళ నుంచి ఈ పని?”

“బోర్డులు పెట్టిన దగ్గర్నుంచి. మీ అందరికీ అనుమానం రాకుండా రోజూ నాలుగు రాళ్ళేగా. వాడు ఊరి గురించి చెప్పినప్పుడల్లా విని గుర్తుపెట్టుకున్నాను. గోడ ఇలా ఉంటుందట. దారిన పోయేవాళ్ళు బరువు దించుకోడానికి ఇలా అరుగు కడతారట. చౌతారా అంటారట.”

“మరి ఇంత కట్టి, ఆయన్ని రానివ్వరేం?”

జగన్మోహనరావు గారు అరుగు మీద కూర్చుని, నోట్లో మిగిలిన గడ్డిపరక తీసి పారేశారు.

“ఆ రోజు రేడియోలో ఏం చెప్పారో తెలుసా? పాత జిల్లాలన్నీ రద్దన్నారు. తూర్పు నాలుగో నంబరు ఇంక లేదన్నారు. వాడికి ఇల్లు లేదు, పెళ్ళాం లేదు. చెప్పుకోడానికున్నది ఆ నంబరొక్కటే. అదీ పోయింది. వారం రోజులు గోడవైపు తిరిగి పడుకున్నాడు. అప్పుడు మా పెదనాన్న గుర్తొచ్చాడు.”

“ఆయనెందుకొచ్చారు మధ్యలో?”

“తాలూకా కచ్చేరీలో గుమాస్తా చేశాడుగా. నూజివీటికి బదిలీ కావాలని ఎన్నేళ్ళు ఎదురుచూశాడు! గుండ్రాయిలా ఉండేవాడు. బదిలీ వచ్చింది. ఇంటికొచ్చి వీధరుగు మీద కూర్చున్నాడు, ఆ శ్రావణంలోనే పోయాడు. ట్రాన్స్‌ఫర్ పెండింగులో ఉన్నవాడు చావడు నాగేశం. అందుకని వీణ్ణి పెండింగులో పెట్టాను. ఉత్త ఒక్క కోశి పెడితే బదిలీ ఎక్కణ్ణించి ఎక్కడికి? అందుకని మొత్తం దేశం పెట్టాల్సొచ్చింది.”

ఈ మనిషిని కొట్టాలో, మొక్కాలో నాగేశ్వరమ్మ గారికి తెలియలేదు. చివరికి కొంగుతో మొహం తుడుచుకున్నారు.

“ఇప్పుడు పెండింగులోనే పోతున్నాడు. ఆర్డరు వెయ్యండి.”

“భయంగా ఉందే.”

“అయితే నేను వేస్తాను. రాములూ, బండి కట్టు!”

గడ్డి మెత్తగా పరిచారు. మొదట చాట్రాయి తీసుకెళ్ళిన బండి కాదు గాని, గడ్డి పరిచింది అప్పటి జగన్మోహనరావు గారి చేతులే. బహదూర్‌ని దుప్పట్లో ఎత్తి పడుకోబెట్టారు. “బహదూర్, కోశికి ఆర్డరయింది,” అని జగన్మోహనరావు గారు చెవిలో చెప్పారు. ముసలాయన చెయ్యి నుదుటి దాకా లేచి సెల్యూట్ కొట్టింది.

బండి కదిలింది. మూటలు కట్టుకున్న కనకమ్మ వాళ్ళు మూటలు దించి వెనకాలే నడిచారు. బోర్డులు లేవు కాబట్టి జగన్మోహనరావు గారే పక్కన నడుస్తూ కేకలు పెట్టారు. “బాగ్‌మతి దాటుతున్నాం బహదూర్! ఇది జనక్‌పూర్!” సగర్‌మాథా వచ్చేసరికి ఆయన కేక ఆపి, బహదూర్ దుప్పటి సర్దసాగారు. ఆ శిఖరం పేరు కనకమ్మే చెప్పింది. “పెంటపోగు దగ్గరున్నాం తాతా!”

గుట్ట మీద అతన్ని దించి అరుగు మీద కూర్చోబెట్టారు. బహదూర్ చేతులు రాళ్ళ మీద పాకాయి. ఒక రాయి దగ్గర వేళ్ళు ఆగిపోయాయి. దాని మీద ఉలితో చెక్కిన నాలుగంకె ఉంది, వాళ్ళ లిపిలో. ఆ నాలుగుని అతను పై నుంచి కిందికి ఒకసారి, కింది నుంచి పైకి ఒకసారి తడిమాడు. కోశి అని ఆ గుట్ట మీద ఎక్కడా రాసి లేదు. రాజుగారు రద్దు చేసిన తూర్పు నాలుగో నంబరు భూమ్మీద మొత్తానికి అక్కడ ఒక్కచోటే ఉంది, నూజివీటి తాలూకాలో.

జగన్మోహనరావు గారు కళ్ళు గట్టిగా మూసుకున్నారు.

బహదూర్ గాలి గట్టిగా పీల్చాడు. పీల్చి, నవ్వాడు. నవ్వుతుంటే దగ్గు, దగ్గుతుంటే నవ్వు.

“సాబ్, మా చార్ నంబర్ కొండ మీద మామిడి లేదు. ఇది మామిడి వాసన.”

“తెలిసిపోయిందా బహదూర్?”

“కళ్ళు పోయింది సాబ్. ముక్కు పోలేదు.”

నాగేశ్వరమ్మ గారు ముందుకొచ్చారు. “ఇదంతా నిజం కాదని తెలుసుగా నీకు? మరి ఇన్నేళ్ళూ కోశి, కోశి అని ఎందుకడిగావయ్యా?”

“నేను అడగదు అంటే సాబ్ గవర్నమెంటు ఎవరి మీద చేస్తాడు అమ్మా?” అన్నాడు బహదూర్. “సాబ్‌కి బిడ్డలు లేదు. దేశం పిచ్చి పట్టింది. మా చెల్లి కొడుకు కలకత్తా లారీలో వచ్చాడు, యాదుందా? మామా, ఇంటికి పోదాం అన్నాడు. నేను చెప్పాను, ఇక్కడ ఒక పెద్ద మనిషి నేపాళం కట్టాడు, నేను పోతే దానికి కాపలా ఎవరు, పిచ్చివాణ్ణి ఒక్కణ్ణి వదిలితే పాపం అని.”

గుట్ట మీద మొదట ఫక్కుమన్నది కనకమ్మ. తరవాత పోతురాజు. జగన్మోహనరావు గారు ఒక కన్ను తెరిచి చూశారు, తరవాత రెండోది. ఒకరి పిచ్చికి ఒకరు కాపలా కాసుకుంటూ ఇద్దరూ ఇన్నేళ్ళు గడిపేశారన్న మాట. నాగేశ్వరమ్మ గారు మొహం గంభీరంగా పెట్టాలని చూశారు గాని కుదరలేదు. గంజిగిన్నె పట్టుకుని బహదూర్ పక్కనే అరుగు మీద కూర్చున్నారు.

“సరే, నీ ఊరొచ్చింది. ఇప్పుడన్నా తాగు.”

“ఆర్డరు ఎవరిది అమ్మా?”

“నాదే.”

“మా చార్ నంబర్‌లో పాత రోజు మీ కలెక్టరు లాంటి పెద్ద ఆఫీసరు ఉండేవాడు. బడా హాకిం. ఆర్డరు ఆయనదే. రాజా మాట కూడా తరవాత.” బహదూర్ కూర్చున్నచోటే నిటారయ్యాడు. “జీ, హాకిం,” అని గిన్నె అందుకుని, అడుగుదాకా తాగేశాడు.

అతను ఆ శ్రావణంలో పోలేదు. దాని తరవాతి శ్రావణంలోనూ పోలేదు. పెదనాన్న సిద్ధాంతం తప్పని ఒప్పుకోడానికి జగన్మోహనరావు గారికి మాత్రం మనసొప్పలేదు. ముందుజాగ్రత్తగా, బహదూర్‌కి మేచికి బదిలీ అవుతుందని అప్పుడప్పుడూ బెదిరిస్తూ ఉండేవారు.

కూలీల నోట్లో పడి హాకిం కాస్తా హాకిమ్మ అయింది. ఆ పేరు నాగేశ్వరమ్మ గారికి అతికినట్టు సరిపోయింది. మరుసటేడు తోట విరగకాసినప్పుడు వెంకటరమణ తిరిగొచ్చి, గుట్ట వైపు చూసి, “ఆ పీచుకాయల చెట్లు కొట్టేసి కలెక్టరు అంట్లు పెట్టుకోరాదండీ అమ్మగారూ?” అన్నాడు.

ఆవిడ అతన్ని ఎగాదిగా చూశారు.

“అక్కడ కలెక్టరుకి పనిలేదు నాయనా. హాకిమ్మ ఉంది.”